చారల లిల్లీ

మా ఇసకమిట్టలో లిల్లీలకు జబ్బు తెచ్చింది నేనే. ఈ మాట ముందే చెప్పేస్తే తర్వాత నన్ను ఎవరూ ఆపి అడగనక్కర్లేదు. అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

విడవలూరుకు తూర్పున, సముద్రానికి రెండు మైళ్ళ ఇవతల ఉంటుంది మా ఊరు. ముప్ఫై రెండు ఇళ్ళు, ఒక చర్చి, ఒక మిషను ఎలిమెంటరీ స్కూలు. ఆ స్కూల్లో ఇరవై తొమ్మిదేళ్ళు హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యాను. నా పేరు సంజీవరావు. ఆ పేరుతో నన్నెవరూ పిలవరు, అయ్యవారూ అంటారు. వెనకాల ఏమంటారో నాకు తెలుసు గాని అది ఇక్కడ రాయను.

లిల్లీలు మాకు ఒక మిస్సమ్మ ఇచ్చిపోయింది. తెల్లవాళ్ళ కాలంలో గంపెడు గడ్డలు తెచ్చి చర్చి ముందు నాటించిందట. గడ్డ పెద్ద ఉల్లిపాయంత ఉంటుంది. ఆకులు పొడుగ్గా, దళసరిగా ఉంటాయి. ఏప్రిల్ వచ్చేసరికి ఆకుల మధ్య నుంచి మోచేయి పొడుగున కాడ లేచి, దాని కొనన నాలుగు తెల్లటి పూలు నాలుగు దిక్కులకు విచ్చుకుంటాయి. ఈస్టరుకు సరిగ్గా అందుతాయి. ఈస్టరు ముందుకూ వెనక్కూ జరిగే పండుగ గనక ఒక్కో ఏడు అందవు. అందని ఏడు మావాళ్ళు పాదిరిగారి మీద అలిగేవాళ్ళు.

గడ్డ పక్కన పిల్లగడ్డలు పుడతాయి కాబట్టి కొన్నేళ్ళకు ప్రతి ఇంట్లోనూ లిల్లీల మడి తయారైంది. ఇంట్లో ఎవరైనా పోతే ఆ ఇంటి మడిలో నుంచే ఒక గడ్డ తీసుకుపోయి సమాధి తలాపున నాటడం అలవాటైంది. మా సమాధుల దొడ్డి అంతా ఇసుక. తుఫాను గాలికి దిబ్బలు చదునైపోతాయి, చెక్క శిలువలను చెదలు తింటాయి. లిల్లీ మాత్రం ఎంత ఇసుక కప్పినా మళ్ళీ పైకి లేస్తుంది.

ఇంకొక కట్టుబాటు కూడా ఉంది. మిస్సమ్మ పోతూ పోతూ ఎముక పిడి ఉన్న కత్తి ఒకటి చర్చికి ఇచ్చింది. ఈస్టరు ముందు శనివారం పాదిరిగారు ఆ కత్తి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తారు. ఆ ఒక్క కత్తితోనే అన్ని ఇళ్ళ పూలూ కోయాలి. ఎవరి కత్తితో వాళ్ళు కోసుకుంటే సంఘంలో ఐకమత్యం ఎక్కడుంటుందని పాత పెద్దలు అన్నారట. కోసేది సంఘపెద్ద, అంటే నేను. ఇరవై ఒక్క ఏళ్ళు కోశాను. ఒక ఇంట్లో కోసి, కత్తిని పంచెకు తుడుచుకుని, పక్కింటికి పోయేవాణ్ణి.

ఒక్క ఇంటికి మాత్రం పోయేవాణ్ణి కాదు. అది సామ్రాజ్యం ఇల్లు. ఆమె నెల్లూరు ఆసుపత్రిలో ఆయాగా చేసి వచ్చిన విధవరాలు. ఒక ఆదివారం నేను చర్చిలో వాక్యం చదువుతుంటే, అయ్యవారు చదవాల్సిన అధ్యాయం ఇది కాదు, దీని ముందరిది అని కూర్చున్న చోటి నుంచే చెప్పింది. అప్పటికి నేను సగం పైగా చదివాను. జనం పుస్తకాలు తిప్పి చూసుకున్నారు. ఆమె చెప్పింది నిజమే. అందుకే క్షమించలేకపోయాను. ఆ రోజు నుంచి ఆమె ఇంటి గడప తొక్కలేదు, ఆమె పూలు నేను కోయలేదు. ఆమె గడ్డి కోసే కొడవలితో తన పూలు తానే కోసుకుని తెచ్చి, అందరి పూల పక్కనే చర్చి బల్లమీద పెట్టిపోయేది.

యాభై అయిదులో నాయుడుపేటలో ఒక పెళ్ళికి పోయి, అక్కడి సంతలో ఒక లిల్లీ గడ్డ కొన్నాను. మా ఇంట్లో లేని వస్తువా అది. కొత్త చోటికి పోతే ఏదో ఒకటి కొనకుండా రాలేను, అదొక జబ్బు. మరుసటేడు ఆ గడ్డ ఆకుల మీద పొడుగునా లేత పసుపు చారలు వచ్చాయి. చూడ్డానికి జరీ అంచులా ముచ్చటగా ఉంది. పువ్వు కూడా మామూలుగానే పూసింది. ఇది కొత్త రకమని నాకు నేనే తీర్మానించి, దానికి చారల లిల్లీ అని పేరు పెట్టి, మిషను మాసపత్రికకు ఒక పేజీ రాసి పంపాను. వాళ్ళు అచ్చేశారు. నా పేరు కింద బి.ఎ. అని పొరపాటున పడింది. నేను దిద్దమని రాయలేదు.

ఇక పంచడం మొదలుపెట్టాను. పెళ్ళయిన ఇంటికి ఒకటి, బాప్తిస్మమైన ఇంటికి ఒకటి, పాదిరి అబ్రహాముగారికి రెండు. నాతో సరిగా మాట్లాడినవాళ్ళకు త్వరగా, మాట్లాడనివాళ్ళకు ఆలస్యంగా ఇచ్చాను. నాలుగేళ్ళలో ముప్ఫై ఇళ్ళకు చారల లిల్లీ చేరింది. సామ్రాజ్యానికి ఇవ్వలేదని వేరే చెప్పక్కర్లేదు. అది ఆమెకు పెద్ద శిక్ష అని నా ఉద్దేశం.

అరవైలో, ఆగస్టు నెలలో, నా భార్య జయశీల మూడు రోజుల జ్వరంతో పోయింది. మూడో రోజు సాయంత్రం దాకా బాగానే మాట్లాడింది. వంటింటి కిటికీ కింద ఒక లిల్లీ కుదురు ఉండేది. పెళ్ళయి వచ్చిన కొత్తలో తన చేత్తో నాటుకున్నది, ముప్ఫై నాలుగేళ్ళు బియ్యం కడిగిన నీళ్ళు పోసి పెంచింది. అందులో పెద్ద గడ్డ తవ్వి ఆమె తలాపున పెట్టాను. మిగతా లిల్లీలన్నీ నేను నాటించినవి, పిల్లల చేత నీళ్ళు పోయించినవి. అదొక్కటే ఆమెది.

అదే సమయంలో లిల్లీలు చెడిపోవడం మొదలైంది. ముందు కాడలు పొట్టివయ్యాయి. మరుసటేడు కాడకు రెండే పూలు, అవీ ఎవరో నలిపి పారేసినట్టు. చారలు లేని పాత లిల్లీలకు కూడా చారలు వచ్చాయి. మొదట్లో మావాళ్ళు చాలా సంతోషించారు, గడ్డ అడక్కుండానే చారల లిల్లీ వచ్చిందని. అరవై రెండు ఈస్టరుకు ముప్ఫై ఇళ్ళు తిరిగి నేను కోసినవి తొమ్మిది పూలు. ఆ ఏడు సామ్రాజ్యం ఒంట్లో బాగాలేక నెల్లూరులో ఉండి పూలు తేలేదు. పాదిరిగారు బల్లమీద క్రోటన్ కొమ్మలు పెట్టించారు. జనం పాటలు పాడారు గాని కళ్ళన్నీ క్రోటన్ల మీదనే ఉన్నాయి.

ఎవరికి తోచిన వైద్యం వాళ్ళు చేశారు. కామమ్మ చేపల ఎరువు వేసింది, దానికి కుక్కలు వచ్చి మడి మొత్తం తవ్విపోయాయి. కాంపౌండరు తిమోతి పుండ్లు కడిగే ఊదారంగు మందు నీళ్ళలో కలిపి పోశాడు. నేను సున్నం చల్లాను. పాదిరిగారు మూడు శుక్రవారాలు ఉపవాస ప్రార్థన పెట్టారు. పేనుబంక మాత్రం బాగా పట్టింది.

ఆ జూన్‌లో బ్లాకు ఆఫీసు నుంచి పద్మనాభయ్య అనే ఆయన జపాను పద్ధతిలో వరి నాటడం చూపించడానికి వచ్చాడు. వ్యవసాయం చదువుకున్నవాడు, నెమ్మదైన మనిషి. మా వరండాలో కూర్చుని మజ్జిగ తాగుతూ నా మడి వైపు చూసి గ్లాసు కింద పెట్టాడు. లేచిపోయి ఒక ఆకు తిప్పి చూశాడు. బెండకు పల్లాకు తెగులు వస్తుంది చూడండి, ఆ జాతిదే ఇదీ అన్నాడు. దీన్ని వైరస్ అంటారని, అది పురుగూ కాదు బూజూ కాదని, దీనికి మందు లేదని, ఒకసారి గడ్డలోకి దిగితే దాని పిల్లగడ్డలన్నిటికీ ఉంటుందని చెప్పాడు. పేనుబంక మోస్తుంది, కోసే కత్తి కూడా మోస్తుంది, రోగం ఉన్న మొక్క రసం అంటితే చాలన్నాడు. ఇక్కడ ఏ కత్తితో కోస్తారని అడిగాడు.

నేను లోపలికి పోయి చర్చి కత్తి తెచ్చి చూపించాను. ఇది మామూలు కత్తి కాదు, ప్రార్థన చేసి వాడతామని చెప్పాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ప్రార్థన సరేనండీ. సబ్బు పెట్టి కడిగినారా?"

కడగలేదు. ఇరవై ఒక్క ఏళ్ళలో ఒక్కసారి కూడా కడగలేదు. ఆయన కత్తి తిరిగి ఇచ్చి చేతులు కడుక్కున్నాడు. పోయేటప్పుడు చెప్పింది ఒకటే. చారలున్న ప్రతి మొక్కనూ వేరుతో సహా తవ్వి కాల్చాలి, మళ్ళీ నాటితే చోటు మార్చి శుభ్రమైన గడ్డలు నాటాలి, ఊళ్ళో ఒక్క గడ్డ మిగిలినా అంతా మొదటికి వస్తుంది.

ఆదివారం సంఘంలో నేనే లేచి ఈ సంగతి చెప్పాను. తెచ్చింది నేను, పంచింది నేను, ఇంటింటికీ కత్తితో అంటించింది నేను అని చెప్పాను. వెనక బెంచీలో గురవమ్మ లేచి, మరి మాకు గడ్డ రెండేళ్ళు ఆలస్యంగా ఎందుకిచ్చినారని అడిగింది.

సోమవారం నుంచి ఇంటింటికీ పోయి తవ్వించాను. సరుగుడు ఆకు పోగేసి చర్చి వెనక కాల్చాం. తర్వాత సమాధుల దొడ్డికి పోయాం. అక్కడ పద్నాలుగు కుదుళ్ళున్నాయి. ఎవరివి వాళ్ళు తవ్వుకుని ఆ చోట ఇటుక పాతుకున్నారు. కామమ్మ తన తల్లి సమాధి దగ్గర కూలబడి, ఇది తీస్తే మా అమ్మను ఇంకోసారి పూడ్చినట్టే గదయ్యా అని ఏడ్చింది. చనిపోయినవాళ్ళు లిల్లీలో ఉండరు కామమ్మా, దేవుడి దగ్గర ఉంటారు, మూర్ఖంగా మాట్లాడొద్దు అని మందలించాను. ఆమె కళ్ళు తుడుచుకుని తవ్వింది. అట్లా పదమూడు కుదుళ్ళు తీయించాను.

జయశీలది తీయలేదు. అందరూ రాకముందే, తెల్లవారుజామున వచ్చి ఆకులు నేల మట్టానికి కోసి పైన ఇసుక కప్పాను. పొద్దున్నే తవ్వి కాల్చేశానని అందరికీ చెప్పాను. నా చేతులకు ఇసుక ఉంది కాబట్టి నమ్మారు. పాదిరిగారు నా భుజం తట్టి, మీరు ముందు చేసి చూపించారు అయ్యవారూ అన్నారు. తల వంచుకున్నాను. దాన్ని ఆయన అణకువ అనుకున్నారు.

నేను అబద్ధాలాడే మనిషిని కాను. పిల్లల అటెండెన్సు కూడా ఎక్కువ వేసి ఎరగను. కాని ఆ గడ్డ మీద పలుగు వేయడానికి నా చెయ్యి రాలేదు. కిటికీ కింద కుదురు అప్పటికే కాల్చేశాను. ఆమె చేత్తో నాటిన దాంట్లో భూమ్మీద మిగిలింది అదొక్కటే. అది కూడా పోతే ముప్ఫై నాలుగేళ్ళు ఆమె నా ఇంట్లో ఉన్నదనడానికి ఏం మిగులుతుంది. నాలుగు చీరలు, ఒక ట్రంకు పెట్టె. మాకు పిల్లలు లేరు.

అక్టోబరు వానలకు గడ్డ చిగురించింది. చారలు మునుపటి కంటే స్పష్టంగా ఉన్నాయి. రోజూ పొద్దున సమాధి దగ్గరికి పోయి మొలిచిన ఆకును గోటితో గిల్లి, పైన తాటాకు కప్పి వచ్చేవాణ్ణి. అయ్యవారికి భార్య మీద ఎంత ప్రేమ, రోజూ పోతాడని ఊళ్ళో చెప్పుకున్నారు. అది నా చెవిన పడ్డప్పుడల్లా అన్నం సహించేది కాదు.

జనవరిలో సంఘం కూర్చుంది. ఈస్టరుకు ఎట్లాగూ పూలు రావు, కనీసం కొత్త గడ్డలైనా నాటుకోవాలి, శుభ్రమైన గడ్డలు ఎక్కడ దొరుకుతాయి అన్నారు. తిమోతి దగ్గి, సామ్రాజ్యం పెరట్లో ఉండాయి, నలభై దాకా ఉంటాయి, ఒక్క చార లేదు అన్నాడు. నేను కత్తి పట్టుకుని పోని ఇల్లు అదొక్కటే కదా. ఎవరో ఒకరు పోయి అడగాలన్నారు పాదిరిగారు. అందరూ నా వైపు తిరిగారు.

మర్నాడు పోయాను. పదకొండేళ్ళ తర్వాత ఆ గడప తొక్కడం. ఆమె పెరట్లో బావి పక్కన బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. లేవలేదు, పీట వైపు చెయ్యి చూపింది. బావి చుట్టూ లిల్లీలు నిండుగా ఉన్నాయి. ఆకులు ముదురు పచ్చగా, ఎక్కడా మచ్చ లేకుండా. ఆ పచ్చదనం చూసి నాకు కడుపు మండింది.

సంఘానికి గడ్డలు కావాలని చెప్పాను. ఇస్తానంది. అంత సులభంగా ఇస్తుందని నేను అనుకోలేదు, చెప్పడానికి తయారు చేసుకున్న మాటలన్నీ వృథా అయ్యాయి. లేవబోతుంటే ఆమె చేట కింద పెట్టింది.

"మీరు దాచిపెట్టింది పీకేసినాక ఇస్తా, అయ్యవారూ."

ఏం దాచిపెట్టానని అడిగాను. నా గొంతు నాకే అబద్ధంగా వినిపించింది. తన భర్త సమాధి జయశీల పక్కనే ఉందని, తానూ అప్పుడప్పుడూ పోతానని, వానాకాలం అంతా ఒకే చోట తాటాకు ఉంటే ఎత్తి చూడకుండా ఎవరుంటారని ఆమె అంది. ఎవరికైనా చెప్పావా అని అడిగాను. లేదంది. చెప్పి ఉంటే బాగుండేదనిపించింది నాకు.

"అది ఆమె చేత్తో పెట్టింది సామ్రాజ్యం. నాకు అదొక్కటే మిగిలింది" అన్నాను. ఆమె ముందర కన్నీళ్ళు పెట్టుకుంటానని ఏనాడూ అనుకోలేదు. పెట్టుకున్నాను.

ఆమె కాసేపు నన్ను ఏడవనిచ్చింది. ఆసుపత్రిలో పనిచేసిన మనిషి, ఏడ్చేవాళ్ళు ఆమెకు కొత్త కాదు. తర్వాత బావి వైపు చూపించింది.

"ఇయ్యన్నీ ఎవురియ్యనుకుంటా ఉండారు? మా లిల్లీలు ఎప్పుడో వరదకు కుళ్ళిపొయినాయి. జయశీలక్క ఇచ్చింది నాకు. మీకు చారలు కనపడిన ఏడే, కొంగులో మూడు గడ్డలు కట్టుకోనొచ్చింది. కిటికీ కిందవి."

ఆమె చెప్పుకుంటూ పోయింది. ఆ చారలు జబ్బు అని జయశీల అప్పుడే అన్నదట. వాళ్ళ పుట్టింట్లో బెండ చేను అట్లానే చారలు పడి పోయిందట. ఈయన ఊరంతా పంచేదాకా ఊరుకోడు, మీ ఇంటికి మాత్రం రాడు, కాబట్టి మంచివి నీ దగ్గరుంటేనే బతుకుతాయి అన్నదట. పదకొండేళ్ళ నా పంతాన్ని జయశీల లిల్లీలు దాచుకునే పెట్టెలాగా వాడుకుంది.

"జయశీల నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

సామ్రాజ్యం నా వైపు చూడకుండా చేట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది.

"చెప్పినాననింది. మూడు తూర్లు చెప్పినాను, ఇన్లేదు అనింది."

ఇంటికి ఎట్లా వచ్చానో తెలియదు. మర్నాడు ఉదయం పలుగు తీసుకుని సమాధుల దొడ్డికి పోయాను. తాటాకు తీసి, ఇసుక చేతులతోనే తోడాను. మొలకలు గిల్లేసినా గడ్డ కింద బాగానే పెరిగింది, చుట్టూ ఏడు పిల్లగడ్డలున్నాయి. ఒక్కటి కూడా మిగలకుండా ఏరి కండువాలో వేసుకున్నాను. ఆ చోట ఇటుక పాతి, సరుగుడు ఆకు పోగేసి నిప్పు పెట్టాను. పచ్చి గడ్డలు కదా, త్వరగా అంటుకోలేదు. కామమ్మ అటు పోతూ ఆగి, కాలుతున్న వాటిని చూసింది, నన్ను చూసింది. అప్పుడు కాల్చలేదు కామమ్మా, ఇప్పుడు కాలుస్తున్నాను, అప్పుడు నీతో అన్న మాట తప్పు అని చెప్పాను. ఆమె తన చేతిలో ఉన్న ఎండు కంప మంటలో వేసి పోయింది.

నేను అక్కడే కూర్చున్నాను. నాకు జ్ఞాపకశక్తి ఎక్కువని పేరు. ముప్ఫై ఎనిమిదిలో ఐదో తరగతి పాసైనవాళ్ళ పేర్లు వరసగా చెప్పగలను. ఏ తుఫానుకు ఎన్ని పెంకులు లేచిపోయాయో చెప్పగలను. ఆమె మూడుసార్లు చెప్పిందట. ఒక్కటి గుర్తొస్తే చాలనుకున్నాను. భోజనం వడ్డిస్తూ చెప్పిందా, మడి దగ్గర చెప్పిందా, ఏ మాటలతో చెప్పింది అని ఎంత వెదుక్కున్నా ఆమె గొంతు రాలేదు.

గుర్తొచ్చింది ఒకటే. సాయంత్రాలు నేను స్కూలు రిజిస్టర్లు రాసుకుంటుంటే ఆమె వచ్చి గుమ్మంలో నిలబడేది. నేను తల ఎత్తకుండానే చెయ్యి పైకెత్తి ఆగమనేవాణ్ణి. ఆమె ఆగేది. కొంతసేపటికి చూస్తే అక్కడ ఉండేది కాదు. చాలా సాయంత్రాలు అట్లా జరిగింది. ఏమిటి జయశీలా, ఎందుకొచ్చావు అని లేచిపోయి అడిగిన రోజు ఒక్కటి కూడా లేదు. గడ్డలు పూర్తిగా కాలేసరికి మధ్యాహ్నమైంది.